పుర్రచేతి ముడి

సూరత్ దగ్గరి జోల్వాలో మగ్గాల షిఫ్టు మారే వేళకు సోమలింగం ట్రాక్టర్ ఎక్కి స్టార్టర్ బటన్ నొక్కాడు. టక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కు. ముందు దీపాలు పెళ్లిపందిట్లోలా వెలుగుతున్నాయి కానీ ఇంజను మాత్రం ఉలకలేదు, పలకలేదు. గదుల వరుస ముందు పళ్లు తోముకుంటున్న వాళ్లంతా పని ఆపి అటే చూస్తున్నారు.

ఇది మూడో రోజు. మొదటి రెండు రోజులూ మగ్గాల కార్మికులు పదిమంది నెట్టి కదిలించారు, ఇక నెట్టేది లేదని నిన్నే చెప్పేశారు. ట్రాక్టర్ మగ్గాల యజమాని శేట్‌ది. నేసిన బట్ట తాకాలను, ఆ పెద్ద పెద్ద చుట్టలను, ట్రాలీలో వేసుకుని సూరత్ మార్కెట్‌కు చేర్చడం సోమలింగం పని. అంతకుముందు పదిహేనేళ్లు మగ్గం నడిపాడు. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి దగ్గు పట్టుకుంటే, శేట్ జాలిపడి ఈ సీటు మీద కూర్చోబెట్టాడు. ఆ శేటే నిన్న సాయంత్రం తేల్చి చెప్పాడు. ఇవాళ మధ్యాహ్నానికి సరుకు కదలకపోతే రేపటి నుంచి టెంపో పెట్టుకుంటానని, సోమలింగం మళ్లీ మగ్గం దగ్గర నిలబడవచ్చని.

చాయ్ గ్లాసు అందిస్తూ కూతురు కరుణ నెమ్మదిగా అంది. "బాపూ, ఆయనకు ఫోన్ చెయ్యనా?"

ఆ 'ఆయన' అన్న మాట సోమలింగానికి చురుక్కుమంది. పోయిన శ్రావణం వరకు ఈ ఇంట్లో ఏది చెడినా 'బాపూ' అనేవాళ్లు. ఓంప్రకాష్‌తో కరుణ పెళ్లయి అత్తారి ఊరు కామ్‌రేజ్ వెళ్లిందో లేదో, ఫ్యాను తిరగకపోయినా ఆయనే, రేడియో గురకపెట్టినా ఆయనే. ఆ కుర్రాడు అక్కడ బండ్ల కరెంటు పని చేసే దుకాణంలో మేస్త్రీ. సోమలింగం భార్య భాగీరథి కూడా తక్కువ తినలేదు. అల్లుడు వచ్చిన రోజు కూరలో నూనె తేలుతుంది, మొగుడికి మాత్రం వారానికి నాలుగు రోజులు అదే పచ్చిపులుసు. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

"ఆషాఢమాసం. కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కొద్దని తెల్వదా నీకు?" అన్నాడు.

ఏనాడూ ఏకాదశి ఎప్పుడో అడగని మనిషికి ఆ పొద్దు శాస్త్రం మీద ఎక్కడలేని భక్తి పుట్టింది. ఆషాఢమనే కరుణ పుట్టింటికి వచ్చి పది రోజులైంది. ఈ పది రోజులూ కూతురు తనదే అనుకుని మురిసిపోతున్నాడు.

"ట్రాక్టర్ గడప లోపలున్నదా బాపూ?" అంది కరుణ. చెప్పులేసుకుని ఫోన్ చెయ్యడానికి వీధి చివరి పీసీవోకు నడిచింది.

ఓంప్రకాష్ గంటన్నరలో మోపెడ్ మీద వచ్చాడు. చినుకుల్లో తడిసి, సంచి భుజాన వేసుకుని వీధిలోనే ఆగాడు. అత్త ఎదురు పడకూడదు కాబట్టి భాగీరథి తలుపు చాటునుంచే పక్కింటి కనకయ్య చేతికి చాయ్ ఇచ్చి పంపింది. కరుణ గడప లోపల నిలబడింది. పది రోజులుగా తండ్రి చూడని వెలుగు ఆ పిల్ల ముఖంలో కనిపించింది. సోమలింగం తల తిప్పుకున్నాడు.

"బ్యాటరీ ఉగాదికి కొత్తది ఏసిన. దాని జోలికి పోకు. స్టార్టర్ మోటరే పోయింది, ఇప్పి సూరత్ కొంచవోవాలె," అన్నాడు గంభీరంగా.

పెద్ద రోగమే అయి ఉండాలని, ఈ కుర్రాడి వల్ల కాదని తేలాలని అతని మనసు కోరుకుంటోంది. అల్లుడు ఓడితే పోయేది తన సీటే. మళ్లీ ఆ దుమ్ము, ఆ దగ్గు. అన్నీ తెలుసు. తెలిసీ తన కడుపు తానే కొట్టుకుంటున్నాడు. కడుపుమంటకు లెక్కలు రావు.

ఓంప్రకాష్ వాదించలేదు. ఒకసారి బటన్ నొక్కించి చెవి పెట్టి విన్నాడు. బ్యాటరీ నుంచి వచ్చే తీగలను వేలితో తడుముతూ వెళ్లాడు. "పదమూడు పానా..." అని మాట పూర్తి చేయకముందే కరుణ గడప లోంచి చెయ్యి చాచి తండ్రి డబ్బాలోని పానా అందించింది.

సోమలింగం ఆ చెయ్యినే చూశాడు. చిన్నప్పుడు మడ్‌గార్డు మీద కూర్చుని, అడగకముందే సైజు చూసి పానాలు అందించిన చెయ్యి అది. ఆ విద్య నేర్పింది తను.

"లైట్లు ఎలుగుతున్నయంటే కరెంటు ఉన్నది మామా. లైటుకు జరంత చాలు, మోటరుకు మస్తు కావాలె. నడుమ ఎక్కడనో ఆగుతున్నది," అన్నాడు ఓంప్రకాష్. సంచిలోంచి లావుపాటి తీగ తీశాడు. ఒక కొసను బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన మైనస్ గుండు మీదే నొక్కిపెట్టి, రెండో కొసను ఇంజను ఇనుముకు ఆనించాడు. "గేరు న్యూట్రల్‌ల ఉన్నది గద? ఇగ నొక్కు."

సోమలింగం నొక్కాడు. ట్రాక్టర్ భళ్లున లేచి నల్లటి పొగ వదిలింది. వరుసలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇంజను ఆపించి, ఓంప్రకాష్ మైనస్ గుండుకు బిగించిన తీగ పట్టీ విప్పాడు. దాని కింద తెల్లని చిలుము. చిలుము కింద వరస తప్పకుండా చుట్టిన దారం, చివర ఒక ముడి.

సోమలింగం తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఉగాదికి కొత్త బ్యాటరీ పెట్టినప్పుడు దాని గుండు సన్నగా ఉండి పట్టీ వదులైంది. నేతగాడి చేతికి ఏది వదులైనా దారమే మందు. సుత్తి పిడికి, కళ్లజోడు కాడకు, మంచం కోడుకు చుట్టినట్టే దీనికీ చుట్టి బిగించాడు. ఎంత గట్టిగా కూర్చుందని మురిసిపోయాడు కూడా. పట్టీ ఓ పక్క తగిలినంత కాలం నడిచింది. వానలు పడి ఆ కాస్త చోటా చిలుము పట్టేసరికి బండి మొరాయించింది.

"ఏం దొరికింది?" అని కనకయ్య మెడ చాచాడు.

ఓంప్రకాష్ ఆ దారాన్ని ఒక్క క్షణం చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఏం లే కాకా. వానకు చిలుము పట్టింది."

గుండును గరుకు కాగితంతో తోమి, సీసపు రేకు ముక్క చుట్టి పట్టీ బిగించాడు. బండి ఒక్క నొక్కుకే అందుకుంది. అల్లుడు చేతులు కడుక్కోవడానికి వీధి కుళాయి దగ్గరకు వెళితే సోమలింగం వెనకే వెళ్లాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది అతనికి. తప్పు పట్టుకున్నది చాలక దయ కూడా చూపిస్తాడా!

"దారం ఎందుకు దాచినవ్? నా మీద జాలా?"

ఓంప్రకాష్ చేతులకు సబ్బు రుద్దుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "జాలి కాదు మామా. కుళ్లు."

సోమలింగానికి అర్థం కాలేదు.

"ఈ ముడి నేను మా ఇంట్ల రోజూ చూస్త. బకెట్ కాడకు ఇదే, దోమతెరకు ఇదే, నా చెప్పు పట్టీకి ఇదే. పొద్దంత దుకాన్ల మంది బండ్లు బాగుచేసి ఇంటికొస్తే, మా బాపు అయితే గిట్ల చేస్తుండె అంటది నీ బిడ్డ. ఏడాది సంది గిదే. ఇయాల ఈ దారం దొరికితే మస్తు సంబరమైంది. ఇగో మీ బాపు పని అని చూపిద్దామనే జేబుల ఏసుకున్న."

"మరి చూపించు."

"ఆఖరుకు బటన్ నొక్కేటప్పుడు నువ్వు కరుణ దిక్కు చూడలేక తలొంచుకున్నవ్. చూసిన. ఇగ నాకు మనసొప్పలే." తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, దారం తీసి మామ అరచేతిలో పెట్టాడు.

సోమలింగం ముడిని చూస్తూ నిలబడ్డాడు. తనది పుర్రచెయ్యి. అందరి ముడీ కుడికి తిరిగితే తనది ఎడమకు తిరుగుతుంది. కరుణది కుడి చెయ్యే. అయినా కామ్‌రేజ్‌లో, తను ఎన్నడూ రాత్రి ఉండని ఆ ఇంట్లో, ఆ పిల్ల ఎడమకు తిప్పి ముడేస్తోంది. ఏడాదిగా తనను కాల్చిన మంటే ఈ కుర్రాణ్నీ కాల్చింది. తను పోయిందనుకున్నది పోనేలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు.

తర్వాత నేరుగా గడప దగ్గరకు వెళ్లి, కనకయ్య వింటుండగానే కూతురి చేతిలో దారం పెట్టాడు. "చిలుము కాదు బిడ్డా. నేను చుట్టిన దారం. దీంట్ల కరెంటు పోదట. నీ మొగడు పట్టిండు."

కరుణ ముడిని వేలితో తడిమి చూసింది. తండ్రి తడి ముఖం చూసింది. దారాన్ని కొంగు చివర ముడివేసుకుంది.

"సరుకు ఎక్కించుకోను పోవాలె," అన్నాడు సోమలింగం సీటు ఎక్కుతూ. పక్కన మడ్‌గార్డు మీది నీళ్లను తన భుజం తువ్వాలతో తుడిచాడు. కరుణ అత్తారింటికి వెళ్లాక అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు. "ఎక్కు అల్లుడా. తొవ్వల మళ్ల ఆగితే ఎట్ల చూడాల్నో నాకు చెప్తువు."

బండి కదిలింది. వెనక నుంచి కరుణ కేక వినిపించింది. "బాపూ, జర మెల్లగ పో. ఆయనకు అలవాటు లేదు."

సోమలింగానికి మళ్లీ చురుక్కుమంది. అయినా బండి మెల్లగానే పోనిచ్చాడు.