కుడి అంచు కుట్ర

"ఆ బడిలో శత్రువు ముఠా ఉంది" అన్నాడు మేజర్ థోర్న్‌డైక్. "నువ్వు వెళ్లి పట్టుకోవాలి."

షికాగోలో పేరు బోర్డు లేని ఆఫీసు అది. ఎదురు కుర్చీలో ఉన్నవాడు ఏజెంట్ క్లిఫర్డ్ నగాటోమి. అమెరికాలోనే పుట్టాడు, అక్కడే చదివాడు. అయినా అమ్మానాన్నలు జపాన్ నుంచి వచ్చిన పాపానికి, జపానుతో యుద్ధం రాగానే ప్రభుత్వం ఆ సంతతినంతా క్యాంపుల్లో పెట్టినప్పుడు తనూ ముళ్లకంచె వెనక పడ్డాడు. గూఢచారిగా పనిచేస్తానని ఒప్పుకుని బయటపడ్డాడు. ఆ సంగతి మేజరు ఎప్పుడూ నోటితో అనడు. చూపుతో గుర్తు చేస్తాడు.

"ఏ బడి, సర్?"

"సేజ్ ఫ్లాట్ క్యాంపు హైస్కూలు. విద్యార్థి సంఘం, బడి పత్రిక, రెండూ జపానువాళ్ల చేతిలోకి పోయాయి."

"సర్, ఆ క్యాంపులో ఉన్నదంతా జపాను సంతతే. మనమే కదా తెచ్చి పెట్టాం. ఇంకెవరి చేతిలో ఉంటాయి?"

మేజరు ఆ ప్రశ్న విననట్టు ఫైలు తెరిచాడు. అందులో సన్నటి కాగితపు పీలికలు. పీలిక పొడుగునా అంకెలు: 1, 12, 123, మళ్లీ 1. "పత్రిక ఎడిటర్ కజూయె ఇషిమారు. ఆ పిల్ల చెత్తబుట్టలో దొరికాయి. రైళ్ల రాకపోకల సమాచారం. కోడ్ విభాగం తేల్చేసింది."

కోడ్ విభాగం తేల్చేశాక ఇక దేవుడు కూడా అడ్డు చెప్పకూడదు. క్లిఫ్‌కి పదిహేడేళ్ల కుర్రాడి వేషం వేశారు. తలకి నూనె, ఒంటికి బడి స్వెటరు, బెల్టు బకిల్లో కెమెరా. జపాను సంతతి చేతిలో కెమెరా కనబడితే ఆ క్యాంపులో సైనికులు అరెస్టు చేస్తారన్న సంగతి ఈ మహానుభావుల్లో ఒక్కడికీ తట్టలేదు. ఇక రహస్య సంకేతం. క్యాంపులో ముందే ఉన్న తమ మనిషి వచ్చి "ఇవాళ దుమ్ము ఎక్కువగా ఉంది" అంటుంది. "రేపు తగ్గొచ్చు" అని బదులివ్వాలి.

సేజ్ ఫ్లాట్ ఎడారి. బస్సు దిగగానే గేటు దగ్గర సైనికుడు "ఇవాళ దుమ్ము ఎక్కువగా ఉంది" అన్నాడు. క్లిఫ్ గుండె ఝల్లుమంది. "రేపు తగ్గొచ్చు" అని గుసగుసగా చెప్పాడు. సైనికుడు ఎగాదిగా చూసి పంపేశాడు. భోజనశాలలో వంటాయన అదే మాట అన్నాడు. తరవాత పోస్టు బంట్రోతు, లెక్కల మేష్టారు, చంకలో పిల్లాడితో ఒక ముసలమ్మ. సాయంత్రానికి క్లిఫ్‌కి క్యాంపులో సగంమంది తన మనుషులయ్యారు.

అసలు మనిషి మర్నాడు దొరికింది. పౌరశాస్త్రం టీచరు, మిస్ వెర్నా కాలోవే. అందరి బట్టలూ మట్టిరంగుకి తిరిగిన ఆ చోట ఎర్ర లిప్‌స్టిక్కు, పట్టు మేజోళ్లు, సెంటు వాసన. బడి రాజ్యాంగం రాయించింది ఆవిడే. 'పత్రికా స్వేచ్ఛ' అనే అధ్యాయం పెట్టించిందీ ఆవిడే. బడి వదిలాక పత్రిక గది చెత్తబుట్ట వెతికేదీ ఆవిడే.

"విద్యార్థి సంఘంలో దూరిపో" అంది. "ఎన్నికలు వస్తున్నాయి."

దూరడానికి కష్టపడక్కర్లేదు. ఆ సంఘానికి ఉన్న అధికారాలు రెండే: డాన్సుకి ఏ రంగు రిబ్బన్లు కట్టాలో తీర్మానించడం, చలికి వణుకుతున్న తరగతి గదికి పొయ్యి కావాలని అర్జీ పెట్టడం. మొదటిది జరిగేది, రెండోది జరిగేది కాదు. క్లిఫ్ ప్రతి సమావేశానికీ వచ్చి నోరుమూసుకుని కూర్చునేవాడు. అంతటి యోగ్యుడు ఇంకొకడు లేడని పిల్లలు అతన్ని భద్రతా కమిషనరుగా గెలిపించారు.

అలా పత్రిక గదిలోకి దారి దొరికింది. కజూయె ఇషిమారు చేతులు మోచేతుల దాకా సిరా. టైపు చేస్తూ తలెత్తకుండానే పలకరించింది.

"ఏం కమిషనర్ గారూ, మాకు భద్రత కల్పించడానికి వచ్చారా? కాస్త ఆ కిటికీ మూయండి, ఇసక వస్తోంది."

క్లిఫ్ ఆమె భుజం మీదుగా చూశాడు. వరస చివర అంకెలు: 1, 12, 123. చెవులు వేడెక్కాయి.

"అవేంటి?"

"ఇంతకు ముందు బళ్లో పత్రిక పెట్టలేదా మీరు? కుడి అంచు సమంగా రావాలి కదా. టైపుమిషనుకి ఆ తెలివి లేదు. అందుకని ముందు చిత్తు కొడతాం. వరస ఎంత పొట్టిగా ఉంటే అన్ని అంకెలు కొట్టి నింపుతాం. మూడు వచ్చిందనుకో, అసలు ప్రతిలో మాటల మధ్య మూడు ఖాళీలు ఎక్కువ వదులుతాం. తరవాత చిత్తు చెత్తబుట్టలోకి."

"అంతేనా?"

"ఇంకేం ఉంటుంది? అచ్చు ఒంకరగా వస్తే బయటివాళ్లు నవ్వరూ, క్యాంపు పిల్లలకి ఇంతకంటే ఏం చేతనవుతుందని?" ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నాకు ఒహాయోలో కాలేజీ సీటొచ్చింది. క్యాంపు వదిలి వెళ్లడానికి అనుమతి కూడా వచ్చింది. బడి చదువు పూర్తయిందని పట్టాలు ఇచ్చిన మర్నాడే బస్సు. అప్పటిదాకా నా మీద మచ్చ పడకుండా చూడు, కమిషనర్. మచ్చ పడితే దేశద్రోహుల క్యాంపుకి పంపుతారు. అమ్మ ఒక్కతే అయిపోతుంది."

క్లిఫ్ సిగ్గుతో చచ్చిపోయాడు. తిన్నగా మిస్ వెర్నా దగ్గరికి వెళ్లాడు.

"అవి కోడ్ కాదు. ఖాళీల లెక్క."

"పత్రిక సలహాదారుని నేను. నాకు తెలియదనుకున్నావా?" ఆవిడ గోళ్లు చూసుకుంటూ నవ్వింది. "ముఠా దొరికితే నన్ను వాషింగ్టన్ పంపిస్తారు. ఈ దుమ్ములో ఇంకో ఏడాది ఉండమంటావా? నీ పని చూసుకో నాయనా. నువ్వు బయట తిరగడానికి ఇచ్చిన పాసు మేజరు జేబులో ఉంది, మర్చిపోకు."

ఛీ అనిపించింది. కానీ ఆవిడ పనితీరు అతనికి తెలుసు. చిత్తు కాగితం దొరకగానే చదవకుండానే కుడి అంచు కత్తిరించి షికాగో పంపుతుంది. మిగతాది మళ్లీ చెత్తబుట్టలో పడేస్తుంది. చెత్తని చదివే ఓపిక ఆవిడకెక్కడిది?

పట్టాల సభకి ముఖ్య అతిథిగా మేజరే వస్తున్నాడు. ప్రత్యేక సంచికకి సందేశం కూడా పంపాడు. కజూయె దాన్ని చిత్తు కొట్టింది. ఆయన మాటలు పొడుగు పొడుగువి కావడంతో వరసలు కుదరక అంచు నిండా అంకెలు పడ్డాయి. ఆ కాగితాన్ని క్లిఫ్ స్వయంగా చెత్తబుట్టలో పైన పెట్టాడు. మిస్ వెర్నా కత్తెర పని అయ్యాక మిగిలిన ముక్క ఏరుకున్నాడు.

షికాగో నుంచి తంతి వచ్చింది: ఇంతవరకు దొరికినవాటిలో ఇదే అత్యంత ప్రమాదకరం. రాసినవారిని వెంటనే అరెస్టు చేయాలి.

సభ భోజనశాలలో జరిగింది. తల్లిదండ్రులు ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకొచ్చారు. కాపలా బురుజు కనబడకుండా పిల్లలు కిటికీలకి రిబ్బన్లు కట్టారు. కజూయె తల్లి ముందు వరసలో కూతురి సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్యాంపు డైరెక్టరు కజూయె పేరు పిలవగానే మేజరు లేచి చెయ్యెత్తాడు. తలుపు దగ్గర ఇద్దరు సైనికులు కదిలారు.

"ఆగండి. ఇది రాసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు." జేబులోంచి అంకెల పీలిక తీశాడు. "శత్రువుకి పంపిన సందేశం. దీన్ని రాసినవారిని అరెస్టు చేస్తున్నాను."

కజూయె మొహం పాలిపోయింది. తల్లి సూట్‌కేసుని గట్టిగా పట్టుకుంది. సైనికుడి చెయ్యి అమ్మాయి భుజం దాకా వచ్చింది.

"ఒక్క నిమిషం సర్" అన్నాడు క్లిఫ్, వేదిక మీద తన కుర్చీలోంచి లేచి. "భద్రతా కమిషనరుగా అడుగుతున్నా. సగం కాగితంతో అరెస్టు ఎలా చేస్తారు? మిగతా సగం నా దగ్గరుంది."

మేజరు చేతిలో పీలికకి తన ముక్క ఆనించాడు. కత్తెర గాటు గాటుకి సరిగ్గా అతుక్కుంది. డైరెక్టరు కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

"'ప్రియమైన యువ పౌరులారా, మీ ప్రభుత్వం మిమ్మల్ని నమ్ముతోంది...' కింద సంతకం..." ఆగాడు. "మేజరు గారూ, ఇది మీ సందేశమే కదండీ?"

వెనకనించి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. సైనికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాసినవారిని పట్టుకోమని ఆర్డరు. రాసినవాడు ఎదురుగానే చెమటలు కక్కుతున్నాడు.

మేజరు పీలిక మడిచి జేబులో పెట్టుకుని, కజూయెకి పట్టా అందించాడు. మర్నాడు బస్సు కిటికీలోంచి ఆ అమ్మాయి అమ్మకి చెయ్యూపింది. పక్కన నిలబడ్డ క్లిఫ్‌ని చూసి, "అసలు నువ్వెవరు, కమిషనర్?" అని అడిగింది. బస్సు కదిలింది కాబట్టి జవాబు చెప్పే బాధ తప్పింది.

మిస్ వెర్నాని వాషింగ్టన్ పంపించారు, పైపెచ్చు జీతం పెంచి. క్లిఫ్ పాసుని మేజరు ముక్కలు చేసి అతని కాళ్ల దగ్గర పడేసి వెళ్లాడు. కంచె గేటు లోపలివైపు నుంచి అతను ఆ జీపు పోవడం చూశాడు.

తరవాతి సంచికలో చిన్న వార్త పడింది: 'మన భద్రతా కమిషనరు నగాటోమి యుద్ధం ముగిసేదాకా మనతోనే ఉంటారు. ఉప ఎన్నిక అవసరం లేదు.'

ప్రభుత్వం అంత గాలించినా సేజ్ ఫ్లాట్ హైస్కూల్లో మిగిలిన గూఢచారి ఒక్కడే. వాడూ మెజారిటీ ఓట్లతో గెలిచినవాడే.