సిరిసిల్లలో తగ్గిన నొప్పి

రజిత రీసెర్చ్ ప్రపోజల్ మీద మొదటి రాయి వేసింది సామేలు. అదీ గైడ్ మేడం ముందు, క్లాసంతా చూస్తుండగా.

జగిత్యాల నర్సింగ్ కాలేజీలో ఆ ఏడు ఎమ్మెస్సీ రెండో సంవత్సరం వాళ్లు ఎనిమిది మంది. అందులో మగవాడు సామేలు ఒక్కడే. ఏడుగురు ఆడపిల్లల మధ్య ఒక్క మగవాడంటే నోరు మూసుకుని ఓ మూల కూర్చోవాలి కదా, అతను అలాంటి మనిషి కాడు.

రజిత నెల రోజులు కష్టపడి తయారుచేసిన ప్లాన్‌ను చార్టు మీద చూపిస్తోంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చుంటారు. మెడలు, భుజాలు పట్టేస్తాయి. కోరుట్లలో ముప్పై మందికి కసరత్తులు నేర్పాలి. సిరిసిల్లలో ముప్పై మందికి ఏమీ నేర్పకూడదు, అది కంట్రోల్ గ్రూప్. మొదట ఒకసారి, ఆరు వారాల తర్వాత ఇంకోసారి, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో రెండు చోట్లా అడిగి రాసుకోవాలి. కోరుట్లలో తగ్గి సిరిసిల్లలో తగ్గకపోతే, తగ్గించింది కసరత్తే అని ధైర్యంగా చెప్పొచ్చు. ఒకే ఊళ్లో రెండు గ్రూపులు పెడితే ఈ వాడ మాట ఆ వాడకు పోతుందని, పట్టుబట్టి దూరంగా ఉన్న రెండు ఊళ్లు ఎంచుకుంది. ఆ ఆలోచనకు మేడం తలూపారు కూడా.

అప్పుడు లేచాడు సామేలు.

"కోరుట్లోల్లకు నేర్పుతవు, సిరిసిల్లోల్లకు నేర్పవు. వాళ్ల మెడలేం పాపం చేసినయి?"

"ఆరు వారాలైనంక వాళ్లకు సుత నేర్పుత. నేర్పకుంట చూస్తెనే గదా తేడా తెలిసేది."

"తేడా తెలిసేదాంక నొప్పి ఆగుతదా?"

క్లాసు నవ్వింది. రజిత నవ్వలేదు. అతని వంతు వచ్చినప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంది. అతనిది అంకెలు లేని స్టడీ. బీడీల పని చేసే పన్నెండు మంది ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, అందులోంచి అర్థం తీయడం. కబుర్లు విని రాస్తే రీసెర్చ్ ఎట్లయితదని అడిగింది. ఈసారి అతని ముఖం మాడింది.

ఏ ప్రశ్నకు ఏ పద్ధతి సరిపోతుందో చూడాలే గానీ పద్ధతుల్లో పెద్దాచిన్నా ఉండవని మేడం తేల్చేశారు. ఆపైన, సామేలుది సిరిసిల్లే కాబట్టి అక్కడి వాడలో రజితను పరిచయం చేసే పని అతనికే అప్పజెప్పారు. ఇద్దరికీ అది శిక్షలాగే తోచింది.

ఆగస్టు నెలాఖరు. సిరిసిల్లలో ముప్పై మందిని అడిగి రాసుకుంటున్న మూడు రోజులూ వాన వదల్లేదు. గొడుగు ఒక్కటే ఉంది. సామేలు దాన్ని రజిత మీద కాకుండా ఆమె చేతిలోని ఫారాల మీద పట్టాడు.

"నువ్వు తడిస్తె ఆరుతవు. ఫారాలు తడిస్తె ఆరయి" అన్నాడు.

కోపం రావాలి. రాలేదు. ముందు రోజు దాకా ఆ ఫారాలను వెక్కిరించిన మనిషి, ఒక్క చుక్క పడకుండా వాటిని కాపాడుతూ తాను నిలువునా తడిశాడు. అతని తల్లి సాయవ్వ కూడా బీడీలే చుడుతుంది. ఆమెను మాత్రం లిస్టులో పెట్టొద్దని అతనే చెప్పాడు. తెలిసినవాళ్లని చేరిస్తే లెక్క ఒకవైపు వాలుతుందట. ఆ మాటతో రజితకు అతను పూర్తిగా నచ్చేశాడు. నచ్చాడని తనకు తాను ఒప్పుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, స్కూళ్లు మూతపడ్డాయి, వారం తిరక్కుండా బస్సులూ ఆగిపోయాయి. సామేలు సిరిసిల్లలో ఉండిపోయాడు. రజిత మాత్రం దొరికిన ఆటో పట్టుకుని కోరుట్ల వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి కసరత్తులు చేయిస్తూనే ఉంది. నవంబర్ నెలాఖరుకు థీసిస్ పుస్తకం యూనివర్సిటీకి చేరాలి. చేరకపోతే ఇంకో ఆరు నెలలు అంతే సంగతులు.

మొదట్లో సామేలు రోజూ ఫోన్ చేసేవాడు. సమ్మె సంగతులు, వాన సంగతులు, మధ్యలో ఓ ఆటపట్టింపు. తర్వాత ఉన్నట్టుండి తగ్గించేశాడు. ఆమె చేస్తే ఆఁ, ఊఁ అని నీళ్లు నమిలేవాడు. ఎవరైనా పిల్లను చూశారేమో అనుకుంది రజిత. ఆ ఊహ వచ్చిన రోజు అన్నం సహించలేదు.

అక్టోబర్ రెండో వారంలో కోరుట్ల లెక్క పూర్తయింది. సగటున ఏడు దగ్గరున్న నొప్పి నాలుగుకు దిగింది. ఇక సిరిసిల్ల ఒక్కటే మిగిలింది. అక్కడ ఏడు ఏడుగానే ఉంటే తన పుస్తకం గట్టెక్కినట్టే.

కూరగాయల వ్యాన్ ఎక్కి బయల్దేరింది. వేములవాడ దగ్గర రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వ్యాన్ కదలదని తేలాక రజిత కూడా దిగి, అందరితో పాటు రోడ్డు మీద కూర్చుని విస్తట్లో అన్నం తిన్నది. రెండు గంటల తర్వాత దారి వదిలారు. సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

సామేలు ఇంటి అరుగు మీద పదిహేను మంది దాకా చాటలు ముందేసుకుని కూర్చున్నారు. మిగతావాళ్లు చుట్టుపక్కల అరుగుల మీద. ఈ వాడలో బీడీలు ఎవరింట్లో వాళ్లు చుట్టుకోరు; ఒకచోట చేరి ముచ్చట్లు చెప్పుకుంటూ చుడతారు. సామేలు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పలకరింపుగా నవ్వాడు గానీ కళ్లు కలపలేదు.

రజిత ముందుగా కొమురవ్వను అడిగింది. ఆగస్టులో ఏడు చెప్పిన మనిషి.

"మూడు అనుకో బిడ్డా."

రజిత రాసుకుంది. రెండో ఆమె నాలుగు అంది. మూడో ఆమె రెండు. రజిత ప్రశ్న తప్పుగా అడుగుతున్నానేమోనని మళ్లీ మొదటినుంచీ విడమరిచి అడిగింది. అంకె మారలేదు.

అంతలో ఐలమ్మ అనే పెద్దామె చాట పక్కన పెట్టింది. చూస్తుండగానే అందరూ పెట్టేశారు. మెడ కుడికి వంచారు, ఎడమకు వంచారు, భుజాలు చెవుల దాకా ఎత్తి బిగబట్టారు. పది లెక్కపెట్టడానికి బదులు పదిసార్లు జై తెలంగాణ అన్నారు. తర్వాత మణికట్లు తిప్పారు.

మెడ, భుజం, మణికట్టు. ఆ వరుస ఏ పుస్తకంలోనూ లేదు. రజిత తన చేత్తో కోరుట్ల వాళ్ల కోసం కూర్చిన వరుస అది.

ఎవరు నేర్పారని అడిగింది.

సాయవ్వ సంబరంగా ముందుకు జరిగింది. "మా సామేలు నాకు నేర్పిండు, నేను వీళ్లకు నేర్పిన. నువ్వు తయారుజేసిందే అట గద బిడ్డా. మస్తు పని జేస్తంది."

రజిత గుమ్మం వైపు చూసింది. సామేలు తల దించుకున్నాడు. అంటే తెలుసు. తనకు తెలియకముందే అతనికి తెలుసు.

ఎక్కడో ఏదో బెడిసిందని ఆడవాళ్లు పసిగట్టారు. కొమురవ్వ మెల్లగా అంది:

"తప్పయిందా బిడ్డా? మాకు తగ్గకుంటెనే నీ చదువు గట్టెక్కుతదంటె, తగ్గలేదనే రాసుకో. అడగవస్తె ముప్పై మందిమి గట్లనే జెప్తం."

ఎంత తేలిక. మూడు కొట్టేసి ఏడు రాస్తే చాలు. సమ్మె రోజుల్లో సిరిసిల్ల దాకా వచ్చి అడిగేవాళ్లు లేరు. వచ్చినా ఈ ఆడవాళ్లు మాట తప్పరు. రజిత పెన్ను కాగితం మీద ఆనించింది. ఒక్క క్షణం నిజంగా రాసేద్దామనే అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

"వద్దవ్వా. ఉన్నదే చెప్పుర్రి. ఉన్నదే రాస్త" అంది.

సాయంత్రానికి ముప్పై మందివీ రాసింది. సగటు మూడు. ఏమీ నేర్పని ఊళ్లో, నేర్పిన ఊరికంటే ఎక్కువ తగ్గింది.

వీధి చివర దాకా సామేలు వెంట వచ్చాడు. అడగకుండానే చెప్పాడు. తల్లి కొప్పు ముడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయిందట. ఆమె లిస్టులో లేదు కాబట్టి, చార్టు మీద చూసిన కసరత్తులు నేర్పినా లెక్క చెడదనుకున్నాడట.

"మీ అవ్వ ఒక్కతే కూసోని చుడతదా బీడీలు?" అంది రజిత.

సామేలు పుట్టినప్పటినుంచీ చూస్తున్న అరుగు అది. మనుషుల మాటలు వినడమే రీసెర్చ్ అని వాదించినవాడు, తన ఇంటి అరుగునే మరిచిపోయాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇరవై రోజులైతంది."

"నేర్పినందుకు కోపం లేదు. కన్నతల్లి నొప్పి చూసుకుంట ఊకుంటె నువ్వు నర్సువే గాదు. ఇరవై రోజులు ఫోన్ల ఆఁ, ఊఁ అనుకుంట గడిపినవు జూడు, గది నాతోని ఐతలేదు."

"చెప్తె మాట్లాడుడు బంద్ జేస్తవని భయమైంది. నువ్వు మాట్లాడకుంటె నేను ఉండలేను రజితా."

ఈ మాట కోసం నెల రోజులుగా ఎదురుచూసింది. తీరా వచ్చిందంటే ఇలాంటప్పుడు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు చెప్పొద్దని అతనితో అని, కదులుతున్న ఆటో ఎక్కేసింది.

మేడంకు అంతా దాచకుండా చెప్పింది. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కొత్త కంట్రోల్ గ్రూప్‌కు టైం లేదు. ఉన్న గ్రూప్‌తో పోలిక చెప్పే హక్కు లేదు. కసరత్తే తగ్గించిందని ఇక ఆ పుస్తకం అనలేదు. ఆపైన ఆమె ఒక ప్రశ్న వేశారు. ఎవరూ పోయి నేర్పకుండా ముప్పై మంది రోజూ ఎలా చేశారు? దీనికి అంకెలు జవాబు చెప్పవు, మనుషులే చెప్పాలి. డిజైన్ చెడిందని ఉన్నదున్నట్టు రాసి, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుని, వాళ్ల మాటలు వినే భాగం ఒకటి కలపమన్నారు.

అలా వినడం వచ్చినవాడు కాలేజీలో ఒక్కడే. పంతం దిగమింగి రజిత అతన్నే అడగాల్సి వచ్చింది.

బస్సులు తిరగడం మొదలయ్యాక పది రోజులు ఇద్దరూ సిరిసిల్ల తిరిగారు. అవసరమైనంత వరకే మాటలు. అతను ప్రశ్న వేసి ఊరుకునేవాడు. అవతలి మనిషి ఆగినా తొందరపెట్టేవాడు కాదు. రజితకు ఆ మౌనంలో కూర్చోవడం మొదట్లో నరకంగా ఉండేది. ఒకరోజు అలాంటి మౌనం తర్వాత ఐలమ్మ నోరు విప్పింది.

"కసరత్తు గొప్పదే బిడ్డా. కని నేనొక్కదాన్నే చాట కింద పెడితె పనిదొంగ అంటరు. అందరం ఒక్కపారే పెడితె ఎవ్వలేమంటరు?"

రజిత రాయడం ఆపేసింది. కోరుట్లలో తను ఒక్కొక్కరికీ వాళ్ల ఇంట్లోనే నేర్పింది. అత్త చూస్తుందనో, పని ఆగుతుందనో సగం మంది మధ్యలో వదిలేశారు. ఎందుకు వదిలేశారని తన ఫారంలో ఎక్కడా అడగలేదు. నొప్పి ఎంతో అడిగింది గానీ, కాసేపు చాట దించే వీలుందా అని అడగాలని తట్టలేదు.

తిరుగు బస్సులో ఆ మాట సామేలుకు తనే చెప్పింది. నీ పద్ధతి లేకపోతే ఇది దొరికేది కాదని ఒప్పుకుంది. నీ అంకెలు లేకపోతే అసలు అడగాల్సిన సంగతి ఒకటుందని తెలిసేదే కాదని అతనన్నాడు. ఆ తర్వాత జగిత్యాల దాకా ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. పక్క సీటు పెద్దాయన రెండుసార్లు దగ్గాడు, లాభం లేకపోయింది.

నవంబర్ ఇరవైకి డ్రాఫ్ట్ చదివి మేడం ఇది నిలబడుతుందన్నారు. ఒక్క పేజీ మాత్రం మిగిలిందన్నారు. కసరత్తులు కంట్రోల్ గ్రూప్‌కు ఎవరి ద్వారా చేరాయో, ఆ మనిషికీ పరిశోధకురాలికీ సంబంధం ఏమిటో దాచకుండా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అది అయితే బైండింగ్‌కు ఇవ్వొచ్చు.

రెండు రోజుల తర్వాత లైబ్రరీలో రజిత ఆ పేజీ తెచ్చి సామేలు ముందు పెట్టింది. అతను చదివాడు. మొదటి లైన్‌లో అతని పేరు, చేసిన పని. రెండో లైన్ మళ్లీ చదివాడు. సామేలు పరిశోధకురాలు పెళ్లి చేసుకోబోతున్న వ్యక్తి అని ఉంది.

"క్లాస్‌మేట్ అని రాస్తె సరిపోతుండె గదా" అన్నాడు.

"దాసిపెట్టినట్టయితది."

"మీ నాయనకు తెలుసా?"

"నిన్న ఇంటికి, వెల్గటూరు పోయి చెప్పిన. నీ సంగతి, నువ్వు జేసిన పని, అన్ని చెప్పిన. తప్పు ఒప్పుకునేటోడేనా అని ఒక్కటే అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"ఒప్పుకుంటడు, ఇరవై రోజులు పడతదని చెప్పిన. అయితె గా ఇరవై రోజులు నువ్వు గట్టిగుండాలె బిడ్డా అన్నడు. ఐతారం మీ అవ్వను తీస్కోని రమ్మన్నడు."

సామేలు ఏదో అనబోయి ఆగాడు. రజిత తొందరపెట్టలేదు. ఆ విద్య అతని దగ్గర నేర్చుకున్నదే.

"రెండో లైన్ తప్పయితె ఇప్పుడే చెప్పు. రాసినంక కొట్టెయ్య" అంది చివరికి.

"తప్పు లేదు" అన్నాడు సామేలు.

పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. ఇంకో కాపీ తీసుకురా, మంచిగా పెడతానన్నాడు. అక్కర్లేదని రజిత ఆ పేజీని ఫైల్లో పెట్టుకుంది.