నీలం పట్టీ

రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్ టెస్టర్ శవం ఐసు నీళ్ల తొట్టిలో తేలి నాలుగు రోజులైంది. కాలు జారి పడ్డాడని కంపెనీ రాసుకుంది. అతని జేబులో దొరికిన చీటీలో మాత్రం మూడే మాటలున్నాయి: "గ్లేజింగ్ తొట్టి. లిస్టీరియా."

పళ్ల డాక్టరు బోర్డు వెనకున్న రహస్య గదిలో నిఘా విభాగం చీఫ్ ఆ చీటీని ఏజెంటు ముందుకు తోశాడు. ఏజెంటు కోడ్ నేమ్ ఉడుము. పట్టుకుంటే వదలడని ఆ పేరు.

"ఉడికించిన రొయ్యలు. గడ్డకట్టించాక చన్నీళ్లలో ముంచి పైన మంచు పొర ఎక్కిస్తారు. అదే గ్లేజింగ్. ఆ నీళ్లలో విదేశీ ముఠా లిస్టీరియా అనే బాక్టీరియా కలుపుతోంది."

"ఫ్రీజరులో చావదా సార్?"

"దానికి చలి పుట్టిల్లయ్యా! రేపు పదకొండు గంటల లారీ సరుకు పన్నెండు ప్రసూతి ఆసుపత్రులకి వెళ్తుంది. మళ్లీ వండరు. కరిగించి వడ్డించడమే. కడుపుతో ఉన్నవాళ్లకి సోకితే బిడ్డ దక్కదు. మన సరుకంటే లోకమంతా జడుసుకోవాలి, అదీ వాళ్ల ప్లాను. తొట్టి నీళ్ల శాంపిల్ చేతికి రాందే ఆ గేటు దగ్గర నా మాట చెల్లదు."

"లోపల మనవాళ్లు?"

"ఒకామె. ల్యాబ్ మేడమ్."

మర్నాడు పొద్దున్నే ఉడుము కోల్డ్ స్టోరు కూలీ వేషంలో ఫ్యాక్టరీలో దిగాడు. తలకి వల టోపీ, కాళ్లకి గమ్‌బూట్లు. క్లోరిన్ నీళ్ల మడుగు దాటగానే సూపర్‌వైజరు అడ్డం నిలబడింది. అందరూ పెద్దక్క అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ గుమ్మంలో ఆమె చూడని గోరు లేదు.

"వేళ్లు చాపు నాయనా. అయ్యో, ఈ కోతేంటి?"

"అట్టపెట్టెల పట్టీ గీసుకుంది అక్కా."

"ఆ వేలుతో లోపలికా? ల్యాబ్‌కి పోయి నీలం పట్టీ వేయించుకో. నీలమే ఎందుకంటే రొయ్యల్లో ఆ రంగుండదు. కంటికి దొరక్కపోయినా మెషిన్‌కి దొరుకుతుంది, లోపల రేకుంటుంది. డ్యూటీ దిగేటప్పుడు వేలికి అది కనపడాలి. లేదంటే లాటంతా ఆపేస్తాను. మా చిన్నదాన్ని నిన్ననే పురిటికి చేర్చాం. ఈ సరుకు ఆ ఆసుపత్రికే పోతుంది, తెలుసా?"

ల్యాబ్ మేడమ్ మాస్కు వెనక ఉన్నా, కళ్లతోనే వీధి వీధంతా ఆపగల మనిషి.

"పోటు ఎంతవరకు వచ్చింది మేడమ్?"

"మోకాలి దాకా," అందామె. కోడ్ కలిసింది. మెత్తగా పట్టీ చుట్టి గుసగుసలాడింది. "శాంపిల్ కోల్డ్ స్టోరులో దాచాను. పదిన్నరకి రా."

పదిన్నరకి అరల వెనక్కి వంగి చూస్తుండగా అతని కుడి మణికట్టు మీద చల్లగా ఏదో బిగిసింది. బేడీ. రెండో కొస ఇనప అరకి.

"నువ్వు మన మనిషివి కదా!"

"వాళ్లకి కూడా మన మనిషినే," అంటూ ఆమె పిస్టల్ గురిపెట్టి అతని భుజాల మీద కప్పుకున్న చలికోటు లాక్కుంది. "మైనస్ ఇరవై. పని చేస్తూ చలికి పోయాడని రాస్తారు. టెస్టర్‌కి రాసిన చేత్తోనే."

తలుపు మూసుకుంది. లోపలినుంచి తెరిచే పిడిని ముందే ఊడదీసిపెట్టింది.

ఉడుము బొత్తాంలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. ఇనప గోడలు సిగ్నల్‌ను మింగేశాయి. ఉక్కును కోసే పెన్ను తీస్తే దాని గ్యాసు గడ్డకట్టుకుపోయింది. అరిస్తే ఫ్యాన్ల హోరులో తన గొంతు తనకే వినపడలేదు. ఊపిరి పొగలా లేచి కనుబొమల మీద పేరుకుంటోంది. పళ్లు టకటకలాడుతున్నాయి. నాలుగు గోడలు, ఒక బేడీ, ఒక చేయి.

అప్పుడు రోలర్లు కదిలాయి. అట్టపెట్టెలు ఒక్కొక్కటే గోడలోని కిటికీలోంచి బయటికి జారుతున్నాయి. కిటికీ అడుగు ఎత్తుంటుంది. అవతల లారీ. ఉడుము ఎడమ చేయి చాచాడు. అందలేదు. భుజం కీలు ఊడుతుందేమో అన్నంతగా సాగితే వేళ్ల కొసలు ఒక్క పెట్టెకి తగిలాయి. దాన్ని పడేస్తే మిగతావి వెళ్లిపోతాయి. చీటీ పెడితే కిటికీ అవతల నిలబడింది మేడమే.

ఎడమ చేతి వేలికి నీలం పట్టీ కనిపించింది. పళ్లతో లాగాడు. చర్మం కూడా ఊడొచ్చింది. చివరి పెట్టె పక్క అట్టకున్న చేతిపిడి కన్నంలోకి పట్టీని దోపాడు. పెట్టె వెళ్లిపోయింది. ఇక కాళ్లు నిలబడలేదు.

బయట లారీకి ముందున్న మెటల్ డిటెక్టరు కూసింది.

"మెషిన్ పాడైంది. పంపించేయండి," అంది మేడమ్.

పెద్దక్క పెట్టెను మళ్లీ తోసింది. కూసింది. మూడోసారీ కూసింది.

"మూడుసార్లు కూస్తే లాటు ఆగాల్సిందే మేడమ్." పెద్దక్క పెట్టె చీల్చింది. నీలం పట్టీ పైకెత్తింది.

"ఏదో చిన్న గుడ్డముక్క! పారెయ్యి."

"రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉండి ఈ పట్టీలో రేకుంటుందని తెలీదా మీకు? మీరే వేశారుగా! ఆ మనిషేడి?"

మేడమ్ చేయి కోటు జేబులోకి వెళ్లింది. నేల కడుగుతున్న కూలీ ఆవిడ నీళ్ల గొట్టాన్ని మేడమ్ ముఖం మీదికి తిప్పింది. పిస్టల్ ఒక పక్క, మేడమ్ ఒక పక్క పడ్డారు. ఆరుగురు ఆడవాళ్లు మీద కూర్చున్నారు.

పెద్దక్క కోల్డ్ స్టోరు తలుపు తెరిచేసరికి ఉడుము పెదవులు పట్టీ రంగులో ఉన్నాయి.

"లారీ?" అన్నాడు.

"దాని తాళంచెవి నా బొడ్లోనే ఉంది. లే నాయనా."

సాయంత్రానికి చీఫ్ వచ్చాడు. తొట్టి నీళ్లు, సరుకు సీలు వేయించాడు. మేడమ్ నోటినుంచి ముఠా పేర్లు రాసుకున్నాడు. పెద్దక్క కూతురికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. అందరూ ఉడుము చేయి కుదిపారు, పెద్దక్క తప్ప. ఆమె ఆ చేతివేళ్లే చూస్తోంది.

"దేశాన్ని కాపాడావట, సంతోషం. కానీ తెగిన వేలుతో, పట్టీ లేకుండా, నా సరుకు ముట్టుకున్నావు. రేపట్నుంచి పనిలోకి రాకు."