ఊడవని తోట

కాటా కొక్కేనికి యామిని సంచి తగిలించారు నిహారిక మేడం. ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఆగిపోయింది.

"ఓలమ్మో! అది సంచి బరువే మేడం. లోపల ఆకులేటీ లేవు!" అన్నాడు అజయ్.

పిల్లలంతా పకపకా నవ్వారు. నిజానికి యామిని సంచిలో నాలుగు ఆకులున్నాయి. ఒక కాకి ఈక కూడా ఉంది. ఆ ఈకని మేడం తీసి పక్కన పెట్టేశారు.

తరవాత అజయ్ సంచి తగిలించేసరికి ముల్లు జర్రున కిందికి దిగింది. వాడు చొక్కా కాలరు ఎగరేసి అందరి వైపూ చూశాడు.

యామిని ముక్కు ఎర్రబడింది. ఆరో తరగతిలో లెక్కల్లో ఫస్టు, ఖోఖోలో ఫస్టు, అలగడంలో కూడా ఫస్టేనని వాళ్ళమ్మ అంటుంది. అలాంటి పిల్ల ఆకుల్లో లాస్టు రావడమేమిటి?

ఇంతకీ ఈ ఆకుల తూకం సంగతి చెప్పాలి. అక్కుపల్లి దగ్గర, ఇసుక దిబ్బల వెనక ఒక చిన్న అడవి ఉంది. అన్నీ జీడిచెట్లు, నేరేడు చెట్లు, మధ్యమధ్యలో తాడిచెట్లు. తిత్లీ తుఫాను ఉద్దానంలో చెట్లన్నిటినీ పడగొట్టినప్పుడు ఈ అడవి కూడా పడిపోయింది. అప్పుడు కొందరు శాస్త్రవేత్తలు వచ్చి దాని చుట్టూ కంచె వేశారు. "ఇక్కడ ఎవరూ ఏదీ నాటకూడదు, నరకకూడదు, ఊడవకూడదు. పడిపోయిన అడవి తనంతట తాను ఎలా లేస్తుందో ముప్పై ఏళ్ళ పాటు చూస్తాం" అన్నారు. గేటు మీద 'పరిశోధన అడవి' అని బోర్డు పెట్టారు.

ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని 'ఊడవని తోట' అంటారు. ఉద్దానంలో జీడిపిక్కలు రాలే కాలానికి ముందే ప్రతి చెట్టు కిందా శుభ్రంగా ఊడ్చుకుంటారు మరి. ఆకుల్లో పిక్క పడితే కనబడదు కదా! ఊడవకుండా వదిలేసిన తోటంటే వాళ్ళకి నవ్వులాట.

అడవి ఎలా ఉందో తెలియాలంటే అది ఎన్ని ఆకులు రాలుస్తోందో తెలియాలట. అందుకని కొన్ని చెట్ల కింద నాలుగేసి వెదురు కర్రలు పాతి, వాటికి దోమతెర గుడ్డని ఉయ్యాలలా కట్టారు. రాలిన ఆకులు అందులో పడతాయి. బడిపిల్లలకి తలా ఒక చెట్టు అప్పగించారు. ఉయ్యాల చిరిగిందేమో చూసుకోడానికి వాళ్ళు ఎప్పుడైనా లోపలికి వెళ్ళొచ్చు. నెలకోసారి శనివారం నాడు నిహారిక మేడం టెక్కలి నుంచి జీపులో వస్తారు. ఎవరి ఆకులు వాళ్ళు సంచిలో వేసి తెస్తే తూచి రాసుకుంటారు.

ఇది పందెం కాదని మేడం మొదటి రోజే చెప్పారు. పిల్లలు ఆ ముక్కని మొదటి రోజే మరిచిపోయారు.

యామినిది జీడిచెట్టు. తుఫాన్లో పక్కకి ఒరిగిపోయి, ఇసుకలో మోచెయ్యి ఆనించినట్టు ఆనించి, అక్కడి నుంచి మళ్ళీ పైకి లేచింది. ఆ మోచేతి మీద కూర్చుంటే సముద్రం వినిపిస్తుంది. యామినికి ఆ చెట్టంటే ప్రాణం. అయినా ఆ రోజు మాత్రం దాని మీద ఒంటికాలి మీద లేచింది.

"ఏటే నువ్వు? నాలుగు ఆకులేనా? అజయ్ గాడి ముందర నా పరువు తీసీసినావు!"

చెట్టేం చెబుతుంది? గాలికి ఊగింది. ఒక్క ఆకయినా రాల్చలేదు.

యామిని ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో పెద్ద ఆకుల పోగు ఉంది. వాళ్ళ మామ్మ రాజులమ్మ తమ జీడితోటంతా ఊడ్చి తెచ్చి పెట్టుకుంది. నీళ్ళ పొయ్యిలోకి అవే. ఆ పోగు యామిని కంటే ఎత్తుగా ఉంది. యామిని దాన్ని చూసింది. మళ్ళీ చూసింది. అంతే, బుర్రలో దీపం వెలిగింది.

నెల తిరిగే ముందు రోజు, మామ్మ సంతకి వెళ్ళినప్పుడు పని మొదలుపెట్టింది. ఎండి నలిగిపోయిన ఆకులు వేస్తే దొరికిపోతానని దానికి తెలుసు. తెలివైన పిల్ల కదా! అందుకని ఈమధ్యే రాలిన పసుపుపచ్చ ఆకులు మాత్రమే ఏరింది. ఇసుక దులిపి, గోనెసంచి నిండా కూరి, తీసుకెళ్ళి తన ఉయ్యాలలో గుమ్మరించింది.

కానీ పోగు మధ్యలోంచి లాగితే ఊరుకుంటుందా? మొత్తం కూలిపోయింది. సముద్రపు గాలి మిగతా పని పూర్తి చేసింది. సాయంత్రానికి మామ్మ ఆకుల్లో సగం పక్కింటి అప్పలమ్మ పెరట్లో ఉన్నాయి.

"నా ఆకులు నీ పెరట్లో ఏటి సేత్తన్నాయి?" అని గోడ ఇవతల నుంచి మామ్మ.

"నన్నడుగుతావేటి? ఆటినే అడుగు!" అని గోడ అవతల నుంచి అప్పలమ్మ.

పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూడనిదే కాఫీ తాగని ఇద్దరూ ఆ పూట నుంచి మాట్లాడుకోవడం మానేశారు. యామిని పుస్తకంలో తల దూర్చేసి కూర్చుంది.

మర్నాడు కాటా దగ్గర యామిని సంచి తగిలించగానే ముల్లు గిర్రున తిరిగింది. అజయ్ నోరు తెరిచేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళతో వచ్చిన రమాదేవి టీచర్ కూడా "అబ్బో!" అన్నారు.

నిహారిక మేడం మాత్రం నవ్వలేదు. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు ఆకులు తీశారు.

"ఇన్ని పసుపు ఆకులా? ఒక్క నెలలో?"

మేడం గబగబా చెట్టు దగ్గరికి వెళ్ళి పైకి చూశారు, కాండం తట్టి చూశారు, మోకాళ్ళ మీద కూర్చుని మొదలు చూశారు. మొదలు సగం ఇసుకలో ఉంది. ఏమీ కనబడలేదు.

"కాండం తొలిచే పురుగు పడితే జీడిచెట్టు ఆకులు ఇలాగే పసుపుపచ్చగా మారి రాలిపోతాయి" అన్నారు మెల్లగా. "వచ్చే శనివారం ఒక మనిషిని తెస్తాను. ఇసుక తవ్వి, బెరడు చెక్కి చూడాలి. లోపల బాగా తినేసి ఉంటే చెట్టుని కొట్టేయాలి."

యామిని వచ్చి చెట్టుకి అడ్డంగా నిలబడింది. "ఇక్కడేదీ నరకరాదని సెప్పినారు కదా మేడం?"

"చెప్పాం. కానీ ఆ పురుగు కంచె దాటిందంటే మీ తోటలన్నీ పోతాయి యామినీ."

మేడం చెట్టుకి ఎర్రగుడ్డ కట్టి వెళ్ళిపోయారు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఎవరి తోటలోకి వాళ్ళు పరిగెత్తారు. రాజులమ్మ కూడా వెళ్ళింది. చీకటి పడే వేళకి యామిని వెతుక్కుంటూ వెళితే, మామ్మ ఒక్కో చెట్టు మొదట్లో వంగి, వేళ్ళతో తడిమి చూస్తోంది.

"తుఫానుకి ఇరిగిపోనాయి. బిడ్డల్లాగ పెంచినాను మళ్ళీ" అంది మామ్మ, చెట్టు మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "ఇప్పుడు పురుగేటే తల్లీ?"

యామినికి ఏడుపొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. మాట నాలుక దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. తరవాతి రోజుల్లోనూ అంతే. అన్నం దగ్గర ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేదని వాళ్ళమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

శనివారం వచ్చింది. జీపులోంచి నిహారిక మేడంతో పాటు గునపం, ఉలి పట్టుకుని ఒకాయన దిగాడు. పిల్లలూ, ఊళ్ళోవాళ్ళు కొందరూ కంచె దగ్గర చేరారు. ఆయన చెట్టు మొదట్లో ఇసుక తొలగించి, ఉలి బెరడు మీద ఆనించాడు.

"ఒద్దూ!"

యామిని లగెత్తుకొచ్చి చెట్టు మోచేతి మీద ఎక్కి కూర్చుంది. రెండు చేతులతో కాండాన్ని వాటేసుకుంది.

"దీనికి రోగం లేదు మేడం. రోగం నాకే! ఆ ఆకులు దీనివి కావు. మా మామ్మవి!"

"మీ మామ్మకి ఆకులు మొలుత్తాయేటే?" అన్నాడు అజయ్.

అందరూ నవ్వబోయారు. కానీ యామిని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే మొత్తం చెప్పింది. ఆకుల పోగు, గోనెసంచి, ఏరిన పసుపు ఆకులు, అన్నీ.

మేడం ఆయన్ని ఉలి తీసెయ్యమన్నారు. తరవాత ఇసుకలో చతికిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ వారమంతా నాకు నిద్ర లేదు, తెలుసా?" అన్నారు. ఆ గొంతులో కోపం ఉంది. ఊపిరి పీల్చుకున్నట్టు కూడా ఉంది. "ఆకులు ఎక్కువ రాలితే మంచిదని నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పలేదు. నాలుగే ఉన్నాయని నవ్వినారు."

"ఆ నాలుగే నాకు కావాలమ్మా. పక్క చెట్లన్నీ సంచుల కొద్దీ రాలుస్తుంటే, పడి లేచిన ఈ చెట్టు మాత్రం ఆకుల్ని ఎందుకు గట్టిగా పట్టుకుని ఉంది? అది మాకింకా తెలీదు. తెలుసుకోడానికే కదా ఇన్నేళ్ళు చూడ్డం."

మేడం పెన్ను తీసి, పోయిన వారం వేసిన తూకాన్ని కొట్టేశారు. ఆ గడిలో 'తెలియదు' అని రాశారు. యామిని ఆ గడి వైపే చూస్తూ ఉండిపోయింది.

"అదింక నిండదా మేడం?"

"నిండదు. దీని ఆకులు మీ మామ్మ ఆకుల్లో కలిసిపోయాయి, ఆ నెల వెళ్ళిపోయింది కదా. ముప్పై ఏళ్ళ తరవాత ఇది చదివేవాళ్ళకి ఆ ఒక్క నెల ఈ చెట్టు కబురు తెలీదు. అప్పటికి నేను కూడా ఉద్యోగంలో ఉండను, చెప్పడానికి."

"నానుంటాను. నాను సెప్తాను" అంది యామిని కళ్ళు తుడుచుకుంటూ.

"అప్పటికి నీకు పళ్ళూడిపోతాయి" అన్నాడు అజయ్. ఈసారి అందరూ నిజంగానే నవ్వారు. యామినికి కూడా నవ్వొచ్చింది. ఎర్రగుడ్డ విప్పే పని మేడం దానికే ఇచ్చారు.

అసలు కష్టం ఇంటి దగ్గరుంది. యామిని తను ఎత్తుకెళ్ళిన ఆకుల్ని గోనెసంచిలో మోసుకొచ్చి మామ్మ ముందు దించింది. జరిగింది చెప్పింది. మామ్మ ముందు బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. తరవాత చీపురు కోసం వెతికింది. యామిని రెండడుగులు వెనక్కి వేసింది.

"పారిపోకు! నిన్ను కొట్టడానికి కాదే" అని మామ్మ చీపురు దాని చేతిలో పెట్టింది. "అప్పలమ్మ పెరడంతా తుడిసి, నా ఆకులు నాకు తెచ్చియ్యి. పురుగు నేదు, బతికించినావు. నా తోటకేటీ అవలేదు, నాకదే సాలు."

యామిని పెరడు ఊడుస్తుంటే గోడకి ఇటు మామ్మ, అటు అప్పలమ్మ నిలబడి "అదిగో ఆ మూల ఒగ్గేసినావు", "అరటిచెట్టెనకాల సూడు" అని కలిసి పని చెప్పారు. సగం ఊడ్చేసరికి వాళ్ళిద్దరూ మాటల్లో పడిపోయి యామినిని మరిచిపోయారు.

మరుసటి నెల తూకం రోజు వచ్చింది. కంచె బయట తోటల్లో జీడిపళ్ళు ఎర్రగా వేలాడుతున్నాయి. యామిని తన ఉయ్యాలలోకి తొంగి చూసింది. అయిదు ఆకులున్నాయి. వాటిని జాగ్రత్తగా సంచిలో వేస్తుండగా గాలి వీచింది. పైనుంచి ఒక పెద్ద ఆకు గిరగిరా తిరుగుతూ వచ్చి, ఉయ్యాల అంచుకి తగిలి, బయట ఇసుకలో పడింది.

పక్క చెట్టు దగ్గర నుంచి అజయ్ చూశాడు.

"ఏసెయ్యే. నీ సెట్టు ఆకే కదా. ఎవులు సూత్తారు?"

యామిని ఆ ఆకు వైపు చూసింది. బాగుంది ఆకు, వెడల్పుగా. చెయ్యి కూడా కొంచెం చాచింది. మళ్ళీ వెనక్కి తీసేసుకుంది.

"ఉయ్యాల్లో పడలేదు కదరా" అని సంచి మూతి ముడేసింది.

కాటా దగ్గర ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. పిల్లలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళకంటే ముందే యామిని ముల్లు దగ్గర మొహం పెట్టి, తోటంతా వినబడేలా చదివింది.

"ఎనిమిది గ్రాములు మేడం! కాకి ఈక నేకండా. ఎనిమిదే రాయండి!"