ఇన్నమ్మ గొంతుకు అందిన పాట

"పాట నేనే ఎంచుతా, మాస్టారూ!" అంటూ మామిడిచెట్టు కింద గంతేసింది బుజ్జమ్మ.

అప్పుడే మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆగిరిపల్లి దగ్గర ఆ తోటలో కాయలు కోసే ఆడా మగా అందరూ మా ఊరి చర్చిలో పాటలు పాడేవాళ్ళే. వచ్చే ఆదివారం ఈస్టరు. చూస్తే హార్మనీపెట్టె తిత్తిని ఎలుకలు కొరికేశాయి. కొరికిన రాత్రి నుంచి ఆ ఎలుకలు సరిగమల్లోనే కిచకిచలాడాయి. నమ్మకపోతే మానెయ్యండి!

"పెట్టె లేకుండా పాడాలి. అందరికీ తేలికైన పాట చూడు. కుదరకపోతే ఈసారి పాట లేదు, వాక్యం చదివేసుకుందాం" అన్నారు పాటలు నేర్పే సలోమోను మాస్టారు.

"పాట లేని ఈస్టరేంటయ్యా!" అంది బుజ్జమ్మ నాయనమ్మ ఇన్నమ్మ దిగులుగా.

బుజ్జమ్మకు పదేళ్ళు. ఆ పిల్ల గొంతెత్తితే పైన తిరిగే గద్ద కూడా పక్కకు జరిగి దారిచ్చేది. అందుకే అన్నిటికన్నా పైకెళ్ళే పాటను ఎంచి, ఎత్తుకోవడమే పై శ్రుతిలో ఎత్తుకుంది.

మొదటి చరణానికే మగవాళ్ళు ఆగిపోయారు. రెండో చరణానికి ఆడవాళ్ళకు దగ్గొచ్చింది. ఇన్నమ్మ పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు.

"చూశావా నాయనమ్మా! చివరిదాకా నేనొక్కదాన్నే పాడా!"

"పాడావులేవే, చిలకా. వినడానికి వస్తాలే" అని ఇన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అటు తిరిగింది.

"ఇక వాక్యమే" అన్నారు మాస్టారు.

మళ్ళీ పని మొదలైంది. బుజ్జమ్మ నాన్న జోజిబాబు చెట్టెక్కి, కాయలు నింపిన బుట్టను తాడుతో దించుతున్నాడు.

"అమ్మా, అందిందా?"

"ఇంకాస్త కిందకి, నాయనా!"

ఇన్నమ్మ చేతులకు అందేదాకా తాడు మెల్లగా దిగింది. బుజ్జమ్మ అలాగే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నాయనమ్మ పక్కకు చేరింది.

"నాయనమ్మా, నీకు ఎక్కడ హాయిగా ఉంటుందో అక్కడ 'ఊఁ' అను."

ఇన్నమ్మ లోగొంతుతో "ఊఁ" అంది. ఆ శ్రుతినే పట్టుకుని బుజ్జమ్మ రెండు వరుసల పాట ఎత్తుకుంది.

"అది పసిపిల్లల పాట కదే!" అన్నారు మాస్టారు.

"అందరికీ వచ్చు కదండీ!"

అప్పటికే చెట్టు మీద నుంచి జోజిబాబు గొంతు కలిపాడు.

ఈస్టరు నాడు ఇంకా తెల్లవారక ముందే అందరూ చర్చి ముందు నిలబడ్డారు. ఇన్నమ్మ "ఊఁ" అంది. బుజ్జమ్మ ఎత్తుకుంది.

"ప్రభువు లేచెను... తెల్లవారెను..."

ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళ కింద మగవాళ్ళ గొంతులు నేలలోంచి వచ్చినట్టు లేచాయి. పెట్టె లేదు, తాళం లేదు. అన్ని గొంతులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. పాట అయ్యేదాకా సూర్యుడు కొండ వెనకే ఆగాడు. నేను చూశాను!

చివరి వరుస దగ్గర బుజ్జమ్మ గొంతు పైకి ఎగరబోయింది. పక్కనే నాయనమ్మ గొంతు సన్నగా వణుకుతూ వస్తోంది.

బుజ్జమ్మ తన గొంతు తగ్గించింది, నాయనమ్మది వినబడేటంత.