అడగకుండా తీయించిన జుట్టు

ఆదివారం ఉదయం తల్లి డాబా మీద బట్టలన్నీ ఉతికి ఆరేసి కిందికి దిగేసరికి ఇంట్లో అలికిడి లేదు. ఆరేళ్ల చిట్టి లేచిందంటే తాళాల గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంటుంది. ఆటిజం ఉన్న బిడ్డ. ఏదైనా మనసుకు పట్టిందంటే ఇక లోకమంతా అదే.

చిట్టి బల్ల కింద చెవులు మూసుకుని ముడుచుకుపోయి ఉంది. భుజాల దాకా ఉండే జుట్టు లేదు. మిషన్ పెట్టి నున్నగా తీసేశారు.

"ఎవరు చేశారిది?"

"నేనే సందు చివరి సెలూన్‌కి తీసుకెళ్లాను," అన్నాడు భర్త. ఆయన చిట్టి చదివే బడిలోనే లెక్కల మాస్టారు. "'నేను అమ్మాయిని' అంటూ వీడు బడిలో కూడా మొదలెట్టాడు. తోటి మాస్టార్లు నవ్వుతున్నారు. మగపిల్లాడు మగపిల్లాడిలా ఉండాలి."

"ఆ మిషన్ చప్పుడంటే బిడ్డకి ప్రాణం పోతుంది కదండీ! ఎలా కూర్చోబెట్టారు?"

"పెనుగులాడాడు," అంది అత్తగారు. "మావాడు చేతులు పట్టుకున్నాడు, నేను కాళ్లు పట్టుకున్నా. చిటికెలో అయిపోయింది. దానికింత రాద్ధాంతమా?"

తల్లికి ఒళ్లు మండిపోయింది. "ఇద్దరు పెద్దవాళ్లు కలిసి అదిమిపట్టి, పైగా చిటికె అంటారా?"

"అమ్మాయినంటాడే, అదీ తాళాల పిచ్చి లాంటిదే! నాలుగు రోజులుంటుంది, పోతుంది. నువ్వే గౌన్లు కొనిచ్చి నెత్తికెక్కించుకున్నావు," భర్త గొంతు పెంచాడు.

"ముందు బస్సు వైపర్లు, తర్వాత లిఫ్టులు, ఇప్పుడు తాళాలు. అన్నీ మారాయి, ఈ మాటొక్కటే మారలేదు! రేపు మారుతుందో లేదో నాకూ తెలీదు. తొందరపెట్టొద్దు, అడ్డుపడొద్దు, చెప్పేది వినండని డాక్టరమ్మ మీ ముందే చెప్పింది. విన్నారా?"

"అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననీండి! నవ్వే మాస్టార్లు కనబడ్డారు గానీ, ఏడ్చే బిడ్డ కనబడలేదా మీకు?"

ఆయన విసురుగా బల్ల దగ్గరికెళ్లి వంగాడు. "రా చిట్టీ, బయటికి రా," అని చెయ్యి చాపాడు.

చిట్టి గోడకు అతుక్కుపోయింది. "నాన్న చెయ్యి వద్దు. నాన్న చెయ్యి వదలదు."

రోడ్డు దాటేటప్పుడు ఆ బిడ్డ తనంతట తానుగా పట్టుకునేది ఒక్క ఆయన చేతినే. ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నేల మీద కూలబడ్డాడు.

"ఇంకెప్పుడూ అలా పట్టుకోను తల్లీ," అన్నాడు. ఆ పిలుపు నోట రాకుండా ఇన్నాళ్లూ జాగ్రత్తపడ్డ మనిషి.

అత్తగారు ఏదో అనబోయింది. "నువ్వూరుకో అమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

చిట్టి చెవుల మీది చేతులు కొంచెం సడలించింది. "దూరంగా కూర్చో నాన్నా."

ఆయన వెనక్కి జరిగాడు. తల్లి కోపం చల్లారలేదు. అయినా వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

"ఇంకా దూరం," అంది చిట్టి.

ఇద్దరూ జరిగారు.