దారి లేని ఆట

పప్పులో ఉప్పు వెయ్యబోతుంటే చెవిలో సరిమాట "ఇందాకే వేశారు" అంది. సహస్ర చెంచా పక్కన పెట్టేసింది. అదే క్షణంలో హాల్లో ఉన్న దేవాన్ష్ చెవిలో "పప్పు బాగుందనండి" అని వినిపించింది. ఆయనింకా పప్పు మొహం చూడలేదు. అయినా బాగుందన్నాడు. ఆ ఇంట్లో కాపురం అలా సాఫీగా సాగుతోంది.

మధురవాడలో ఇప్పుడు అందరిళ్లూ అంతే. సరిమాట అంటే మినపగింజంత పూస. చెవిలో పెట్టుకుంటే, మనిషి తప్పు చెయ్యబోయే ముందే ఒప్పేదో చెప్పేస్తుంది. దానికి వినికిడితో పాటు చూపూ ఉంది. అది వచ్చాక దారి తప్పినవాడు లేడు, పాలు పొంగిపోయిన ఇల్లు లేదు, పెళ్లిలో అనకూడని మాట అనేసిన మేనమామ లేడు. పెళ్లిళ్లు మరీ చప్పబడ్డాయని కొందరు అనబోయారు గానీ, అలా అనకూడదని వాళ్ల పూసలే చెప్పడంతో ఊరుకున్నారు.

తప్పు చెయ్యకపోతే సరిపోదు, చెయ్యలేదని ఎదురింటివాళ్లకి తెలియాలి. అందుకని కాలనీ సంఘం 'నిర్దోష గృహం' అనే ఇత్తడి ఫలకం పెట్టింది. ఏడాదంతా తప్పులేకుండా గడిపిన ఇంటి గుమ్మానికి దాన్ని బిగిస్తారు. ఎదురు ఫ్లాట్ హన్వికకి నిరుడే వచ్చింది. సహస్ర తలుపు తీసినప్పుడల్లా ఆవిడకి ఫలకం తుడవాలని గుర్తొచ్చేది. ఈ సాయంత్రంతో సహస్ర ఏడాదీ పూర్తవుతుంది. సంఘంవాళ్లు ఫలకం, స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారు.

వాళ్లు అటక చూడరు. అయినా ఎవరైనా వస్తున్నారంటే అటక దులపడం ఆ వంశంలో ఉంది. దులపడానికెక్కిన దేవాన్ష్‌కి పాత కుక్కర్ అట్టపెట్టెలో చిన్నప్పటి చేతిఆట దొరికింది. అరచేతిలో పట్టే పెట్టె, బుల్లి తెర, నాలుగు మీటలు. టోపీ పెట్టుకున్న బుడ్డోడొకడు పెట్టెలు తోసుకుంటూ, గోతులు దూకుతూ, తాళంచెవి పట్టుకుని తలుపు చేరాలి. పదేళ్లప్పుడు దేవాన్ష్ ఒక గదిలో చిక్కుకుపోయాడు. ఎటు దూకినా గొయ్యే. ఈయనకి అరవై వచ్చాయి, బుడ్డోడు మాత్రం ఆ గది దాటలేదు.

గోడగడియారంలోంచి బ్యాటరీలు పీకి అందులో వేశాడు. సరిమాట చెప్పిన మీటలు నొక్కుకుంటూ టీ చల్లారేలోగా ఆ గదికి చేరాడు. అక్కడ సరిమాట కాసేపు ఆలోచించింది. అది ఆలోచించడం ఆయనెప్పుడూ చూళ్లేదు.

"ఈ ఆటకి దారి లేదు. కట్టెయ్యండి" అంది.

దేవాన్ష్ దూకేశాడు. బుడ్డోడు గోతిలో పడ్డాడు. "ఒక తప్పు. చెయ్యి జారిందని వదిలేస్తున్నాం. ఇంకోటి జరిగితే ఫలకం లేదు" అని మొగుడూపెళ్లాలిద్దరికీ వినిపించింది.

సహస్ర గరిటెతో వచ్చింది.

"ఏటండీ అది?"

"ఆట."

"యాభై ఏళ్లు ఆగారు, సాయంత్రం దాకా ఆగలేరా?"

నవ్వి ఊరుకోమని సరిమాట చెప్పింది. సహస్ర నవ్వింది, కానీ ఊరుకోలేదు. బియ్యం డబ్బాలో దాచేద్దామని ఆటని లాక్కుంది. అప్పుడు తెర మీద చూపు పడింది.

"ఈ మూల తెల్లగా ఏటిది?"

"గాలిబుడగ. పైన ప్లాస్టిక్ పొర ఉంది కదా, నాన్న తియ్యనివ్వలేదు."

ఆయన ఏ వస్తువు మీదా పొర తియ్యనిచ్చిన మనిషి కాదు. కారు సీట్లకి షోరూము ప్లాస్టిక్, రిమోటుకి కవరు. ఆయన పోయేనాటికి కూడా ఫ్రిజ్ మీద స్టార్ల స్టిక్కర్ చెక్కుచెదరలేదు.

"పొర తియ్యకండి. పాత వస్తువు విలువ పోతుంది. తీస్తే తప్పే" అంది సరిమాట.

బుడ్డోడు బుడగ పక్కన నిలబడి కాలు ఆడిస్తున్నాడు. సహస్ర వాడికేసి చూసింది.

"ఆ ఫలకం వచ్చాక నేనేం చేస్తానండీ?"

గర్వంగా ఉంటుందనమని దేవాన్ష్‌కి పూస అందించింది.

"తుడుస్తావు" అన్నాడాయన.

సహస్ర మూల దగ్గర గోరు పెట్టింది. చర్రుమని పొర లేచింది. ఇద్దరి చెవుల్లో ఒకేసారి "తప్పు" అని మోగింది. ఫలకం పోయింది. బుడగ ఉన్నచోట సన్నటి నిచ్చెన ఉంది.

ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు. పప్పు మాడుతోందని సరిమాట చెప్పింది. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ లేవలేదు. నిచ్చెనెక్కితే పైన కొత్త గది. దారే లేదని తేల్చేసిన సరిమాట దగ్గర ఇక ఆ గది గురించి మాటల్లేవు. ఎడమకి తొయ్యమంటే వినలేదని ఆయనా, అసలు కుడికి తొయ్యమన్నదే మీరని ఆవిడా మొదలుపెట్టారు. అది పెరిగి వాళ్ల పెళ్లిలో ఎవరు అలిగారన్న దాకా వెళ్లింది. సరిమాట వచ్చాక ఆ ఇంట్లో అదే మొదటి పోట్లాట.

ఆ అరుపులు విని, పిలవకుండా వెళ్లడం తప్పని తన పూస మొత్తుకుంటున్నా హన్విక వచ్చేసింది. కాసేపు నిలబడి, కాసేపు వంగి, చివరికి చతికిలబడి, "కుడివైపుకి దూకండొదినా" అంది. దూకితే చచ్చాడు. హన్విక పకపకా నవ్వింది.

సంఘంవాళ్లు ఫలకం లేదని చెప్పడానికొచ్చి, తీసి ఉన్న తలుపు దగ్గర నిలబడ్డారు. సహస్ర తలెత్తలేదు. బుడ్డోడి ముందు రెండు తలుపులున్నాయి.

"ఇప్పుడు ఏ తలుపండీ?"

దేవాన్ష్ అలవాటుగా చెవి తడుముకున్నాడు. లోపల నిశ్శబ్దం.

"తెలీదు" అన్నాడు.

ఎన్నో ఏళ్లుగా ఏ మొగుడి నోటా వినని మాట. సహస్ర ఆయన్ని ఎగాదిగా చూసింది. చీర సర్దుకుని, పక్కన చోటిచ్చింది.

"అయితే దగ్గరికి జరగండి. చూద్దాం."